సీసా మీది చీటీ, మనిషి మీది చీటీ

ఫ్రాన్సు దేశపు ఎర్ర వైన్ గురించి గార్లదిన్నెలో కూర్చుని రాయడం కొందరికి విడ్డూరంగా ఉండొచ్చు. కానీ మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి బెంగళూరుకు పోతుంది. ఆ దారినే మా తండాల పిల్లలు బస్సెక్కి పోతారు. కొందరు కట్టడం పనికి, కొందరు కాపలా పనికి, కొందరు పెద్ద హోటళ్లలో వడ్డనకు. వడ్డించే పిల్లవాడు నేర్చుకోవాల్సిన వాటిలో ఒకటి, వైన్ సీసాను చీటీ కనబడేలా అతిథి ముందు పట్టుకోవడం. తోట పేరు, ప్రాంతం పేరు, ద్రాక్ష కోసిన సంవత్సరం ఆ చీటీ మీద ఉంటాయి. అతిథి చదివి తల ఊపాకే మూత తీయాలి. రుచి ఇంకా నాలుక మీదికి రాలేదు. తీర్పు మాత్రం సగం అయిపోయింది.

ఈ సగం తీర్పు గురించే మా ఆలోచన. ఒక వస్తువునైనా మనిషినైనా న్యాయంగా తూచాలంటే పేరు, ఊరు, పుట్టుక తెలియకుండా తూచాలా? తెలుసుకుని తూచాలా? వైన్ రుచి చూసేవాళ్లు ఈ ప్రశ్నతో చాలాకాలంగా తలపడుతున్నారు. వాళ్లకు అందులో పోయేదల్లా కొంత డబ్బు, కొంత పరువు. మన పిల్లలకు అదే ప్రశ్న మార్కులై, సర్టిఫికెట్టై, ఉద్యోగమై ఎదురొస్తుంది. అందుకే దాన్ని వాళ్ల దగ్గరి నుంచి అరువు తెచ్చుకున్నాం.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. తాగుడు మన ఇళ్లలో చేసిన నాశనం మాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా పోయింది. ఆ ఆడవాళ్ల వైపే మేము. గుత్తి దగ్గర సేవాగఢ్‌లో పుట్టిన సేవాలాల్ మహరాజ్ మత్తు జోలికి పోవద్దన్నారని మా పెద్దలు ఇప్పటికీ చెబుతారు. కాబట్టి ఇది చదివి ఎవరూ గ్లాసు పట్టుకోనక్కర్లేదు. నిజానికి వృత్తిగా వైన్ రుచి చూసేవాళ్లు కూడా చాలావరకు మింగరు. నోట్లో తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేస్తారు. ఒక్క పూటలో ముప్పై నలభై రకాలు చూడాల్సినవాడు మింగుతూ పోతే పదో గ్లాసుకే తీర్పు చెప్పే తెలివి పోతుంది మరి.

ఎర్ర వైన్ అంటే నల్ల ద్రాక్షను తొక్కతో సహా పులియబెట్టి తీసింది. రంగు తొక్క నుంచి వస్తుంది. వగరు తొక్క నుంచి, గింజ నుంచి వస్తుంది. నేరేడు పండ్లు తిన్నాక నాలుక బిగుసుకుపోతుందే, ఆ వగరే. కొత్త వైన్‌లో అది గట్టిగా ఉంటుంది. మంచి వైన్‌ను ఏళ్ల తరబడి దాచితే వగరు మెత్తబడుతుంది, రంగు ఇటుక ఎరుపుకు తిరుగుతుంది, పండు వాసన తగ్గి తోలు, ఎండుటాకు, తడి మట్టి లాంటి వాసనలు పైకి వస్తాయి. అందుకని ఒకే తోట నుంచి వేర్వేరు సంవత్సరాల సీసాలు తెచ్చి, పక్కపక్కన గ్లాసుల్లో పోసి పోల్చి చూడటం వాళ్లకొక అలవాటు. తోట ఒకటే, నేల ఒకటే. మారింది ఏడాది. కనక గ్లాసులో తేలేది ఆ ఏడాది వానా ఎండా.

బోర్డో అనే ప్రాంతం ఈ ఎర్ర వైన్‌కు పేరుపడింది. అక్కడి తోటలకు మామూలుగా నీళ్లు కట్టరు. నియమాలు కూడా చాలాకాలం ఒప్పుకోలేదు. అంటే మన మెట్ట చేను లాగే వానాధారం. 1956 ఫిబ్రవరిలో ఘోరమైన చలికి అక్కడ తీగలకు తీగలే చచ్చిపోయాయి. 1961లో వసంతకాలపు మంచు పూత మీద దెబ్బకొట్టి పంట బాగా తగ్గింది. మిగిలిన కొద్ది గెలలకు ఆ తర్వాత ఎండ చక్కగా కుదిరింది. తక్కువ పండిన ఆ ఏడాది వైన్‌ను ఆ శతాబ్దంలోని గొప్ప వాటిలో లెక్కపెడతారు. 2003లో యూరప్ అంతా వడగాల్పులకు అల్లాడింది, ద్రాక్ష ఉడికినట్టయింది. 2009, 2010 రెండూ మంచి ఏళ్లే అంటారు, కానీ మొదటిది మెత్తగా, పండిన రుచితో ఉంటే రెండోది పులుపుతో, వగరుతో నిలబడి ఉంటుందట. 2013లో పూత సమయంలో చలీ వానా, కోతల సమయంలో మళ్లీ వాన. చాలా తోటలకు అది బీద ఏడాది.

మనకు దగ్గరలో ఈ ఫ్రెంచి ద్రాక్ష పండేది నంది కొండల వైపు. దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ కుటుంబం 1988లో తోట మొదలుపెట్టింది. తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాన్ అనే నిపుణుణ్ని సలహాకు పెట్టుకుంది. అక్కడ తీగలకు డ్రిప్పుతో నీళ్లిస్తారు. ఏడాదికీ ఏడాదికీ తేడా ఫ్రాన్సులో ఉన్నంత ఉండదు. నీళ్లున్నచోట ఏడాది మనిషిని అంతగా పట్టుకోదు. మా మండలంలో పెనకచెర్ల డ్యాము కాలువ కింద ఉన్న చేనుకూ, గట్టు మీది మెట్ట చేనుకూ మధ్య తేడా చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఏడాదిని రుచి చూసి చెప్పే విద్య మన దగ్గర లేదా? పిడికెడు శెనక్కాయలు వొలిచి నోట్లో వేసుకుని, ఊడలు దిగేటప్పుడు వాన పడిందా, కాయ ఊరేటప్పుడు చేను ఎండిందా అని చెప్పే అవ్వలు మా తండాల్లో ఉన్నారు. గింజ బిగువు, నూనె, తీపి, చివర్న వచ్చే చేదు, వీటితో వాళ్లు ఆ ఏడాదిని చదువుతారు. బోర్డోలో ఇలా చెప్పేవాణ్ని నిపుణుడంటారు, జీతం ఇస్తారు, అతని మాటను అచ్చువేస్తారు. ఇక్కడ అవ్వ మాట అవ్వతోనే పోతుంది. శెనక్కాయ మూట మీద తండా పేరు ఉండదు, ఏడాది పేరు ఉండదు. మార్కెట్లో అది ఉత్త మూట.

ఇక చీటీ సంగతి. 1855లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు నెపోలియన్ 3 ప్రభుత్వం బోర్డో వైన్లకు తరగతులు కట్టమంది. దళారులు కూర్చుని, మార్కెట్లో పలికే ధరను బట్టి ఎర్ర వైన్ తోటలను ఐదు తరగతులుగా పెట్టారు. మొదటి తరగతిలో నాలుగు తోటలు: లఫీట్, లతూర్, మార్గో, ఓ-బ్రియోన్. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇన్నేళ్లలో కింది నుంచి మొదటి తరగతికి ఎక్కింది ఒకే ఒక్క తోట, మూటోన్ రోత్‌షీల్డ్, అదీ 1973లో. ఒకసారి ఏ మెట్టు మీద కూర్చోబెడితే తరతరాలూ ఆ మెట్టే. ఇలాంటి ఏర్పాటు ఎలా నడుస్తుందో మన దేశంలో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ మెట్ల మీద 1976 మే 24న పారిస్‌లో పిడుగు పడింది. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి పేరున్న ఫ్రెంచి నిపుణులను పిలిచి, చీటీలు కనబడకుండా వైన్లు పోయించి మార్కులు వేయమన్నాడు. కొన్ని ఫ్రాన్సువి, కొన్ని అమెరికాలోని కాలిఫోర్నియావి. అప్పటికి కాలిఫోర్నియా వైన్‌ను ఫ్రాన్సులో లెక్కచేసేవాళ్లు లేరు. ఎర్ర వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ తోట 1973 సీసాకు వచ్చింది. 1970 మూటోన్ రెండోది. తెల్ల వైన్లలోనూ మొదటిది కాలిఫోర్నియాదే. రుచి చూస్తున్నప్పుడు ఒక నిపుణుడు కాలిఫోర్నియా గ్లాసు నోట్లో పెట్టుకుని, హమ్మయ్య, మళ్లీ ఫ్రాన్సుకు వచ్చామన్నాడట. ఫలితం తెలిశాక ఒక న్యాయనిర్ణేత తన మార్కుల కాగితం వెనక్కి ఇచ్చేయమని అడిగింది. కాలిఫోర్నియా వైన్ కొత్తలో బాగున్నా పాతబడితే నిలవదని చాలామంది సర్దిచెప్పుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2006లో, ఆ పాత సీసాలనే మళ్లీ చీటీ లేకుండా పోల్చారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియాకే వచ్చాయి.

ఇంకొకటి. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో బోర్డోలో వైన్ విద్య చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్లు అబద్ధమాడలేదు. కన్ను చెప్పిందే ముక్కు విన్నది. మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఎదుటివాళ్లు చెడ్డవాళ్లయితే పోట్లాడొచ్చు. మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే, నిజాయితీగానే, చీటీని చూసి తమకు రుచి తెలిసిందని అనుకుంటుంటే ఏం చేయాలి?

మన మీద అతికించిన చీటీల్లో అన్నిటికన్నా క్రూరమైంది నేరస్థ జాతుల చట్టం. 1871లో వచ్చిన ఆ చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. మా ఎరుకల బంధువుల పిల్లలు ఏ నేరమూ చేయకముందే, పుట్టుకతోనే అనుమానితులు. మూత తీయకుండానే లోపలున్నది చెడిపోయిందని తీర్పు. 1952లో చట్టాన్ని ఎత్తేశారు. చీటీ చింపినా జిగురు మిగిలిపోయింది. ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మనకు తెలుసు.

దీన్ని బట్టి చూస్తే జవాబు తేలికే అనిపిస్తుంది: చీటీ కప్పేయండి, లోపలున్నది చూడండి. పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకు పిల్లల పేర్లు కనబడవు. మా పిల్లలు ఎంతోమంది ఆ పరీక్షలోనే మొదటిసారి తమకు న్యాయం జరిగిందని చెబుతారు. బడిలో చేరిన రోజు ఇంటిపేరు, తండా పేరు అడిగి, అవి విన్న వెంటనే గొంతు మార్చే ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు. అలాంటి చోట కప్పడమే ధర్మం. ఇందులో మాకు అనుమానం లేదు.

అయితే వైన్ వాళ్లు అక్కడితో ఆగరు. చీటీ కప్పి రుచి చూసేది ఒక పద్ధతి. ఒకే తోట సీసాలను ఏడాది ఏడాదిగా వరుసలో పెట్టి, చీటీ తెరిచే చూసేది ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో గ్లాసు ముందు వేసే ప్రశ్న వేరు. ఈ ఏడాది ఈ తోటకు ఆకాశం ఏమిచ్చింది? ఇచ్చినదానితో వీళ్లు ఏం చేయగలిగారు? 2013 వంటి బీద ఏడాదిలో ఓపిగ్గా పుచ్చు గింజలు ఏరి, తక్కువ వైన్ అయినా చక్కగా చేసిన రైతును తెలిసినవాళ్లు ప్రత్యేకంగా మెచ్చుకుంటారు. 2010లో మంచి వైన్ చేయడం అంత పెద్ద సంగతి కాదు, ఏడాదే చేసిపెట్టింది. చీటీ కప్పి చూస్తే 2010 గ్లాసుకే మార్కులు ఎక్కువ పడతాయి. రైతు నేర్పు ఎక్కడుందో మాత్రం ఆ మార్కుల్లో కనబడదు.

ఇప్పుడు మన పిల్లల మార్కుల పట్టీ తీయండి. 2002 లాంటి కరువేడాదిలో అమ్మానాన్న వలసపోతే, అవ్వ దగ్గర ఉండి, తమ్ముణ్ని చూసుకుంటూ, ఇంట్లో గోర్ బోలీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు మోస్తూ చదివిన పిల్ల తెచ్చుకున్న 55 మార్కులు. అనంతపురం పట్టణంలో ట్యూషన్లు పెట్టించుకున్న పిల్లవాడి 80. పేర్లు కప్పితే 80 పెద్దది, అందులో వివాదం లేదు. ఆ పిల్ల మార్కుల్లో నేర్పు ఎంత, ఆ పిల్లవాడి మార్కుల్లో ఏడాది ఎంత అన్నది చీటీ తెరిస్తేనే తెలుస్తుంది. రిజర్వేషన్ అంటే మెరిట్‌ను పక్కన పెట్టడమని వాదించేవాళ్లు చీటీ కప్పి చూసేదొక్కటే తూకమనుకుంటున్నారు. వైన్ లాంటి విలాస వస్తువుకు కూడా అది సరిపోదని ఆ విద్య తెలిసినవాళ్లే ఒప్పుకుంటారు.

చీటీ తెరిచినప్పుడు దాని మీద ఏముందనేది మళ్లీ వేరే గొడవ. మేము సుగాలీలం ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ. మా జిల్లా పడమటి హద్దు దాటి బళ్లారి వైపు పోతే మా బంధువులు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. భాష ఒకటే, పాట ఒకటే, గాజులూ రైకా ఒకటే. ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతపు హద్దు లోపల చేసిందే షాంపేన్, హద్దు బయట అదే ద్రాక్షతో అదే పద్ధతిలో చేసినా ఆ పేరు పెట్టకూడదు. అక్కడ గీత గీసింది నేలను కాపాడడానికట. మా మధ్య గీత దేన్ని కాపాడుతోందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

వైన్ లోకం నుంచి ఒక మాటను మాత్రం మేము తీసుకోం. తీగ కష్టపడాలి, అప్పుడే పండులో రుచి దిగుతుందని అక్కడ తరచు అంటారు. కొంతవరకు నిజమే. నీళ్లు ఎక్కువైతే ద్రాక్ష ఉబ్బి రసం పలచనవుతుంది. ఎండాకాలంలో కాస్త ఎండితే గింజ చిన్నదై రసం చిక్కబడుతుంది. ఈ మాటనే మన పిల్లలకు తిప్పి చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. కష్టం మిమ్మల్ని గట్టిపరుస్తుంది, కరువు సీమ బిడ్డలు కదా, అంటారు. బోర్డోలో ఏటా దాదాపు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో సుమారు 550. అదీ వేళకు రాదు. కడుపు నిండినవాడు ఒక పూట పస్తుంటే ఉపవాసం. మా చేను ఊడలు దిగే వేళ నలభై రోజులు ఎండితే గింజలో రుచి చిక్కబడదు, గింజే ఉండదు. హాస్టల్లో అన్నం సరిగ్గా ఉడకకపోతే, బడికి ఆరు కిలోమీటర్లు నడవాల్సి వస్తే అది గుణాన్ని పెంచే కష్టం కాదు. దాన్ని సరిచేయాల్సినవాళ్లు పొగడ్తతో తప్పించుకుంటున్నారంతే.

రుచికి ప్రమాణం ఉందా అని 1757లో ఒక వ్యాసం రాసిన స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, డాన్ క్విక్సోట్ నవలలోని ఒక చిన్న కథను ఎత్తుకున్నాడు. ఇద్దరు బంధువులను ఒక పీపాలోని వైన్ రుచి చూడమన్నారు. ఒకడు బాగుంది గానీ కాస్త తోలు వాసన ఉందన్నాడు. రెండోవాడు బాగుంది గానీ ఇనుము రుచి తగులుతోందన్నాడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు పట్టీ కట్టిన పాత ఇనుప తాళంచెవి దొరికింది. నాలుక సూక్ష్మంగా పనిచేసేవాళ్లు ఉంటారు, వాళ్ల తీర్పుకు విలువ ఉంది అని హ్యూమ్ వాదన. మాకు ఆ కథలో ఇంకోటి తగిలింది. తాళంచెవి దొరక్కపోయుంటే ఆ ఇద్దరూ జీవితాంతం నవ్వులపాలే. వాళ్ల నాలుక అప్పుడూ అంతే సూక్ష్మంగా ఉండేది. శెనక్కాయ కొరికి ఏడాదిని చెప్పే మా అవ్వ మాటకు తాళంచెవి ఎవరు వెతుకుతారు? ఆ మాటలను ఏడాది పేరుతో, తండా పేరుతో రాసిపెట్టే పని మన యువకులు, మన ఉపాధ్యాయులు మొదలుపెట్టవచ్చు. ఒక నోటుపుస్తకం చాలు. ఫలానా ఏడాది మొదటి వాన ఎప్పుడు, ఊడలు దిగినప్పుడు ఎలా ఉంది, కాయ రుచి గురించి ఎవరు ఏమన్నారు. బోర్డో వాళ్ల దగ్గర తరతరాల లెక్క ఉంది కాబట్టే 1961 అనగానే వాళ్లకు ఒక రుచి గుర్తొస్తుంది.

మిగిలిన చిక్కు మాలో మాకే తెగలేదు. ఉద్యోగాల దగ్గర పేర్లు కప్పాలని కొందరం అంటాం. కప్పితే మనం ఎంత తక్కువమందిమి లోపలికి పోతున్నామో లెక్క కూడా కనబడకుండా పోతుందని కొందరం అంటాం. బెంగళూరులో పని వెతుక్కునే మా పిల్లల్లో కొందరు పేరు చివర నాయక్ తీసేసి చెబుతున్నారు. అది తప్పని మేము వాళ్లతో అనలేకపోయాం. పేరు తీసేసినా, నోరు తెరవగానే యాస వినబడుతుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే చోట కప్పడానికి గుడ్డ లేదు. అక్కడ ఎదుటివాడు తన నాలుకను తానే అనుమానించుకోవాలి, ఆ పని అతని చేత చేయించే దారి మాకు ఇంకా దొరకలేదు.